మంట వేసినవారు ఎవరు?

(ఆదివార బడి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు పాఠము. 4 నుండి 9 సంవత్సరముల పిల్లల కొరకు. ముందుగా చదువుకొనవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27:27 నుండి 28:10 వరకు)



ఈ పాఠమును నేను మొదటిసారి చెప్పినప్పుడు చెడగొట్టుకున్నాను. ఆ సంగతితోనే మొదలుపెడతాను. మీలో కొందరికైనా అదే జరుగుతుందని నా అనుమానము.

మాది కోలారు బంగారు గనుల ప్రాంతము. తాతల కాలములో చిత్తూరు, అనంతపురం వైపు నుండి గని పనికి వచ్చిన కుటుంబాలవారమే మా సంఘములో ఎక్కువమంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుండి ఇక్కడివారు అనేకులు చీకటితో లేచి, రైలెక్కి బెంగుళూరు వెళ్లి, పని చేసుకొని రాత్రికి ఇల్లు చేరుతున్నారు. మా ఆదివార బడికి వచ్చేది వారి పిల్లలే.

ఆ ఆదివారము పిల్లలను, "ఈ వారము మీకు మేలు చేసినవారు ఎవరు?" అని అడిగాను. "యేసయ్య" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారిగా. ఇంకా? "మమ్మీ, డాడీ." ఇంకా? ఒక పాప బిస్కెట్ల డబ్బా వైపు చూస్తూ, "మీరే టీచర్" అన్నది. ఆ జవాబులు తప్పని నేననను. కాని ఏ జవాబు చెబితే టీచరు తల ఊపుతుందో పిల్లలకు బాగా తెలుసు. అది చూచి చెప్పిన జవాబు కాదు, అలవాటు మీద వచ్చిన జవాబు.

వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఏడేండ్ల బాబు ఒక్కడు మాత్రము, "నాకు ఎవ్వరూ చేయలేదు" అన్నాడు. అని ఊరకుండలేదు. వేళ్లు మడిచి లెక్క చెప్పసాగాడు. బడిలో తన కన్నడమును ఒకడు వెక్కిరించాడు. ఆటో అంకుల్ అందరి ముందర కసిరాడు. పక్క లైనులో పిల్లలు ఆటకు రానివ్వలేదు. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో అంతా వరుసగా చెప్పాడు. నేనేమి చేశాను? "అలా అనకూడదు నాన్నా, దేవుడు మనకు ఎన్ని మేళ్లు చేశాడో చూడు" అని వాని నోరు మూయించి పాట ఎత్తుకున్నాను. పిల్లవాడు తల వంచుకున్నాడు. పాఠము అక్కడితో అయిపోయింది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ లెక్క నన్ను వదలలేదు. వాడు చెప్పినవన్నీ నిజమే అయి ఉంటాయి. పరాయి భాష మధ్య పెరిగే పిల్లలకు ఈ లెక్క త్వరగా వస్తుంది. ఎవరు మనలను తక్కువ చేశారో గుర్తుంచుకోవడము మన ఇండ్లలో పెద్దవారికీ బాగా వచ్చిన విద్యే. వాడు అబద్ధము చెప్పలేదు. ఒక వైపు చూపు చురుకుగా ఉన్నది, రెండవ వైపు చూపు ఇంకా తెరుచుకోలేదు, అంతే. తెరిపించవలసిన నేను వాని నోటికి తాళము వేశాను.

ఆ బాబు ఇంటి సంగతి నాకు కొంత తెలుసు. తల్లి తెల్లవారక ముందే రైలుకు వెళ్లిపోతుంది. వెళ్తూ వెళ్తూ రెండు బిందెలు వీధి కుళాయి దగ్గర వరుసలో పెట్టి పోతుంది. నీళ్లు వదిలే రోజున వదిలేది ఏడింటికో ఎనిమిదింటికో. అప్పటికి ఆమె బెంగుళూరులో ఉంటుంది. తండ్రి రాత్రి కాపలా పని ముగించుకొని అప్పుడే వచ్చి పడుకొని ఉంటాడు.

మరుసటి ఆదివారము వాని దగ్గర కూర్చొని, "మీ బిందెలు ఎవరు నింపుతారు?" అని అడిగాను.

"అవే నిండుతాయి టీచర్" అన్నాడు.

పిల్లలందరూ గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఒక్క మాటలోనే ఈ పాఠమంతా ఉన్నదని అనిపించింది. ఉతికిన బట్టలు అవే మడతపడతాయి. టిఫిను డబ్బా అదే సంచిలోకి వస్తుంది. వీధి అదే శుభ్రమవుతుంది. చిన్నపిల్లల లోకములో మేలు లేక కాదు. మేలు నిండిపోయి ఉంటుంది గాని దాని వెనుక మనిషి కనబడడు. దెబ్బ తగిలితే కొట్టినవాడు కనబడతాడు. బిందె నిండితే నింపినవారు కనబడరు.

ఇది పిల్లల దుర్గుణము కాదని మనము ముందుగా గ్రహించాలి. మేలు చేయడము వారికి ఎంతో ముందుగానే వస్తుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ఒక సంగతి ప్రచురించారు. పదునెనిమిది నెలల పసివారి ఎదుట ఒక పెద్దమనిషి బట్టలు ఆరవేస్తూ క్లిప్పు జారవిడిచి, అందక చేయి చాచాడు. ఎవరూ అడగకుండానే పసివారు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి తీసి ఇచ్చారు. అతడు కావాలనే క్లిప్పు విసిరేసినప్పుడు మాత్రము చాలామంది కదలలేదు. ఇటువంటి పనులు కొన్ని పెట్టి చూస్తే 24 మందిలో 22 మంది ఒక్కసారైనా సాయము చేశారు. ఇంకా మాటలు సరిగా రాని వయస్సది!

కాని తనకు జరిగిన మేలును గుర్తించడము ఇంతకంటె కష్టమైన పని. ఎదుటివారి మనస్సులో ఒక ఆలోచన ఉన్నదని, అది నా ఆలోచన కాదని, వారు నన్ను తలచుకొని కావాలని ఈ పని చేశారని ఊహించాలి. ఇతరుల మనస్సులో ఏమున్నదో అలా విడిగా ఊహించే శక్తి సాధారణముగా నాలుగైదేండ్లకు గాని కుదురుకోదు. కావున మూడేండ్ల పాపను "నీకు కృతజ్ఞత లేదు" అని గద్దించడము, నడక రాని బిడ్డను పరుగెత్తలేదని కొట్టడము వంటిది. ఆ వయస్సు వారికి జరిగినది పేరు పెట్టి చెబితే చాలు. "చూడు, అక్క తన గొడుగు నీ వైపు వంచింది. అక్క భుజము తడిసింది." అంతే. ప్రశ్న వద్దు, బోధ వద్దు. ఆ తడిసిన భుజము చూపించండి.

ఆరేండ్లు దాటినవారితో మాత్రము కాస్త తవ్వవచ్చును. నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఇది ఎవరు చేశారు? చేయకపోతే వారిని ఎవరైనా అడుగుతారా? చేయడానికి వారు ఏమి వదులుకున్నారు? మూడవది అడగకుండా వదలవద్దు. మొదటి రెండిటితో పిల్లలకు సంగతి తెలుస్తుంది, మూడవదానితోనే వారి ముఖము మారుతుంది.

బిందెల సంగతి కనిపెట్టి రమ్మని ఆ బాబుకు చెప్పి పంపాను. వారము తిరిగేసరికి వచ్చి చెప్పాడు. "మూడో ఇంటి పాట్టి టీచర్. వరుస కదిలినప్పుడల్లా మా బిందెలు కాలితో ముందుకు జరుపుతుంది. మావి రెండూ పట్టి, తరువాత తనది పడుతుంది." ఎవరైనా అడుగుతారా? "ఎవరు అడుగుతారు? అమ్మ రైల్లో ఉంటుంది కదా." ఏమి వదులుకున్నది? దీనికి చాలాసేపు ఆలోచించాడు. చివరకు మెల్లగా, "ఒక్కొక్క రోజు నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు పాట్టి బిందె సగమే నిండుతుంది" అన్నాడు.

ఆ పాట్టి తమిళురాలు. మన సంఘము మనిషి కాదు. ఇది కూడా పిల్లలకు చెప్పాను. చెప్పడము అవసరమనుకున్నాను.

ఇప్పుడు వాక్యభాగమునకు వద్దాము. మెలితే ద్వీపము కథ మనకు తెలియనిది కాదు. పౌలు ఎక్కిన ఓడ పదునాలుగు రాత్రులు తుపానులో కొట్టుకొనిపోయి బద్దలైనది. ఓడలో ఉన్న 276 మందీ ఈదుకుంటూ, చెక్కలు పట్టుకొని గట్టు చేరారు. ఈ కథ చెప్పమంటే మన బడులలో ఏమి చెబుతాము? పాము! పుల్లలలో నుండి పాము వచ్చి పౌలు చేతిని పట్టుకున్నది, ఆయన దానిని మంటలో జాడించివేశాడు, ఏ హానీ కలుగలేదు. పిల్లలు పాము బొమ్మ వేస్తారు, రంగులు నింపుతారు, ఇంటికి వెళ్తారు. నేనూ అలాగే ఎన్నో ఏండ్లు చెప్పాను. చార్టులో కూడా పామే పెద్దది.

పాము పడిన మంట ఎక్కడనుండి వచ్చింది? మొన్న ఇదే అడిగితే పెద్ద తరగతి పిల్లలు కూడా "పౌలు వేశాడు" అన్నారు. పౌలు కాదు. వర్షము కురుస్తున్నది, చలిగా ఉన్నది, తడిసి వణుకుతున్న కొత్తవారిని చూచి ఆ ద్వీపవాసులు నిప్పు రాజేశారు. 276 మందికి చలి కాచుకొనే మంట అంటే పొయ్యి మంట కాదు. ఎన్ని కట్టెలు కావాలి? వర్షములో ఎండు కట్టెలు ఎక్కడ దొరుకుతాయి? ఎవరో తమ ఇంటిలో దాచుకొన్నవి తెచ్చి ఉంటారని ఒక పాప ఊహించింది. లూకా అది వ్రాయలేదు, అయినా ఆ ఊహ నాకు నచ్చింది. వచ్చినవారిలో ఖైదీలు ఉన్నారు, సైనికులు ఉన్నారు. వీరు ఎటువంటివారో అని విచారించి వేసిన మంట కాదది.

ఆ ద్వీపవాసులను గూర్చి మన తెలుగు బైబిలులో "అనాగరికులు" అన్న మాట కనబడుతుంది. పిల్లలు దీనిని అడవి మనుషులు అని అర్థము చేసుకుంటారు, కావున సరిచేయండి. గ్రీకులో ఆ మాటకు, గ్రీకు మాట్లాడనివారు, మనకు తెలియని భాష పలికేవారు అని అర్థము. అంటే మాట తెలియనివారు మాట తెలియనివారికి మంట వేశారు. ఈ సంగతి మద్రాసులోనో బరంపురములోనో షోలాపురములోనో పెరిగే మన పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు, వెంటనే అందుకుంటారు.

మరొక్కటి. మంట దగ్గర పౌలు ఏమి చేస్తున్నాడు? కూర్చొని కాచుకోవడము లేదు. పుల్లలు ఏరి తెచ్చి ఇతరుల మంటలో వేస్తున్నాడు. పాము కథలో ఈ పని కూడా మరుగున పడిపోయింది.

తరగతిలో ఏమి చేయవచ్చునంటే, కాగితము మధ్య ఒక మంట బొమ్మ వేయించండి. ఈ వారము తనకు మంట వేసినవారిని ఒక్కొక్కరిని చుట్టూ బొమ్మగా వేయమనండి. వ్రాయడము వచ్చినవారు పక్కన ఒక్క వాక్యము వ్రాయవచ్చును. "నాకు సాయము చేశారు" అని వ్రాస్తే ఒప్పుకోవద్దు. ఏ రోజు, ఎక్కడ, ఏమి చేశారో రావాలి. మా పిల్లలలో ఒకడు బస్సు కండక్టరును వేశాడు. అప్పుడు తొమ్మిదేండ్ల పిల్ల ఒకతె లేచి, "అతనికి జీతము ఇస్తారు కదా టీచర్, అది మేలు ఎలా అవుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. పెద్దవారు కూడా డబ్బు ఇచ్చాము కదా అని ముఖము తిప్పుకొనేది ఇక్కడే. టిక్కెట్టు కొట్టడానికి జీతము ఇస్తారు. సంచి వీపున వేసుకొని ఒక పిల్లవాడు పరుగెత్తి వస్తుంటే రెండవ విజిల్ వేయకుండా ఆగడానికి జీతములో లెక్క లేదు. పిల్లలతో ఈ తేడా వెదికించండి. ఆయా పనిలో ఏది జీతానికి, ఏది జీతానికి మించి? మా బడిలో దీని మీద అరగంట వాదము జరిగింది. జీతానికి చేసిన పనిని కూడా శ్రద్ధగా చేస్తే అది మేలే అని చివరకు ఆ పిల్లే అన్నది.

ఉదాహరణలు మాత్రము మీ ఊరివే తీసుకోండి. మా కుళాయి వరుస మీకు పనికిరాదు. యానాములో పిల్లలకు 2022 జూలైలో గోదావరి వరద వీధులలోకి వచ్చిన రోజులు ఇంట్లో పెద్దలు చెప్పగా తెలిసి ఉంటాయి. అన్నము పొట్లము ఎవరి చేతికి ఎవరు అందించారో ఆ ఇండ్లలోనే అడిగి తెలుసుకోమనండి. షోలాపురములో బీడీలు చుట్టే తల్లుల పక్కన కూర్చొనే పిల్లలకు, అమ్మకు జ్వరము వచ్చిన రోజున పక్కింటావిడ ఏమి చేసిందో తెలుసు.

బహుమతుల విషయములో ఒక మాట. దయ్యరాదు అని నేను గట్టిగానే చెబుతాను. గోడ మీద పేర్లు వ్రాసి, మేలు చేసినందుకొక నక్షత్రము, మేలు కనిపెట్టినందుకొక చాక్లెట్టు అని పెట్టకండి. ముందు చెప్పిన పరిశోధకులే 2008లో మరొకటి చూపించారు. ఇరవై నెలల పిల్లలకు సాయము చేసినప్పుడెల్లా ఒక ఆట వస్తువు ఇస్తూ పోయి, తరువాత ఇవ్వడము మానివేస్తే, ఏమీ పుచ్చుకోని పిల్లలకంటె వారు తక్కువ సాయము చేశారు. మా బడిలో నేను ఒక నెల నక్షత్రాలు పెట్టాను. నెల ముగిసేసరికి ఎవరూ చేయని మేళ్లు పుట్టుకొచ్చాయి! ఒకే పెన్సిలు ముగ్గురు ఒకరికొకరు ఇచ్చుకొని మూడు నక్షత్రాలు పట్టుకుపోయారు.

"థాంక్స్ చెప్పు" అని పిల్లల భుజము గిల్లడము కూడా తగ్గించుకుందాము. పిల్లవాడు నేల చూపులు చూస్తూ గొణిగిన ఆ థాంక్స్ గిల్లినవారికే గాని మేలు చేసినవారికి కాదు. మన తెలుగు ఇండ్లలో సొంతవారికి కృతజ్ఞతలు అని చెప్పే వాడుక లేదు, అది సభలో వాడే మాట. మన పెద్దవారు చెప్పే తీరు వేరు. "సమయానికి వచ్చావు నాయనా", "నువ్వు లేకపోతే ఏమయ్యేదాన్ని", "చల్లగా ఉండు తల్లీ". ఈ మాటలలో జరిగిన సంగతి ఉన్నది. పిల్లలకు ఇవి వినిపించండి. పొరుగువారికి చెప్పవలసినప్పుడు వారి భాషలో ఒక్క ముక్క నేర్పండి. తమిళులకు నన్డ్రి, కన్నడిగులకు, ఒడియావారికి, మరాఠీవారికి ధన్యవాదము. ఉచ్చారణ వంకరపోయినా ఫరవాలేదు. ఆ వంకర మాటకే వారు నవ్వి బుగ్గ పుణుకుతారు.

ఇప్పుడు రెండు జాగ్రత్తలు. వీటిని దాటవేయవద్దు.

మొదటిది, దెబ్బల లెక్క చెప్పే పిల్లవానిని నేను ఆపినట్లు మీరు ఆపవద్దు. ముందు పూర్తిగా వినండి. వెక్కిరించారంటే, "అవును, అది తప్పే" అని చెప్పండి. అవసరమైతే బడికి వెళ్లి మాట్లాడండి. తన బాధ విన్నవారు ఉన్నారని తెలిసిన తరువాతనే పిల్లవాడు రెండవ వైపు చూడగలడు. ఒక లెక్కతో ఇంకొక లెక్కను చెరపాలని చూస్తే రెండూ పోతాయి. తాగి వచ్చి కొట్టే ఇంటిలోని బిడ్డను, "మీ నాన్న నీకు అన్నము పెడుతున్నాడు కదా" అని ఒప్పించబోవద్దు. ఆ బిడ్డతో మేలును గూర్చి మాట్లాడవలసింది అమ్మమ్మ ఇంటిలో జరిగినదాని గురించి, బడిలో జరిగినదాని గురించి. ఇంటి సంగతి పాస్టరుగారికి, అవసరమైతే 1098 చైల్డ్‌లైన్ నంబరుకు తెలియజేయడము మన పని.

రెండవది, మేలుగా కనిపించేదంతా మేలు కాదు. "ఎవ్వరికీ చెప్పకు" అని చెప్పి చాక్లెట్టు ఇచ్చేవారిది మేలు కాదని, అటువంటిది జరిగితే ఆ రోజే అమ్మతోనో టీచరుతోనో చెప్పాలని ఈ పాఠములోనే చెప్పండి. పాట్టి బిందెలు నలుగురి ఎదుట, వీధిలో జరిపింది. ఆ పోలిక చెబితే చిన్నవారికి తేలికగా తెలుస్తుంది.

తల్లిదండ్రులకు నేను ఇచ్చే పని చాలా చిన్నది. రాత్రి భోజనము దగ్గర పిల్లలను అడగవద్దు, ముందు మీరు చెప్పండి. "ఇవాళ రైల్లో ఎవరో నాకోసము సంచి పెట్టి సీటు ఆపారు. రెండు గంటలు నిలబడకుండా వచ్చాను" అని చెప్పండి. రోజూ దొరకకపోతే రోజూ వద్దు. మా బడి పిల్లల ఇండ్లలో ఇప్పుడు, "ఇవాళ నీ బిందె ఎవరు జరిపారు?" అనడము ఒక వాడుక మాట అయిపోయింది. కుళాయికి వెళ్లని ఇండ్లలో కూడా అంటున్నారట.

ఈ పాఠము ముగించిన ఆదివారము, మంట బొమ్మలు గోడకు అంటిస్తుంటే ఆరేండ్ల పాప ఒకతె నన్ను అడిగింది. "టీచర్, మంట వేసినవాళ్ల పేర్లు బైబిలులో ఎందుకు లేవు?" ద్వీప ముఖ్యుని పేరు ఉన్నది, కట్టెలు తెచ్చినవారి పేరు లేదు. నాకు జవాబు తోచలేదు. "మన మంట వేసినవారి పేర్లైనా మనము కనుక్కుందాము" అన్నాను.

ఆ సాయంత్రమే బాబు తల్లి మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడి, "పదకొండేండ్లుగా పక్కన ఉన్నాము టీచరమ్మా. మూడో ఇంటి పాట్టి అనే తప్ప ఆమె పేరేమిటో నేను ఎప్పుడూ అడగలేదు. వీడు ఇవాళ మధ్యాహ్నము వెళ్లి అడిగి వచ్చాడు" అన్నది. బాబు ఆమె వెనుక నిలబడి ఉన్నాడు. చేతిలో బొమ్మ కాగితము ఉన్నది. మంట పక్కన ఒక బిందె, బిందె పక్కన ఒక ముసలమ్మ, కింద ఆమె పేరు. తెలుగులో ఒకసారి, తమిళములో ఒకసారి వ్రాసి ఉన్నది. తమిళ అక్షరాలు ఆమే చేయి పట్టి వ్రాయించిందట.